పర్మిటు మీద రెండు టైర్లు

ఏప్రిల్ 11, 1944. మంగళవారం. మార్కాపురం

మా దొరసాని డాక్టరమ్మను రైలెక్కించి వచ్చినాము. గంటన్నర ఆలస్యంగా వచ్చింది రైలు. కొడైకెనాలులో రెండు నెలలు ఉంటుందంట. ఆమె తిరిగొచ్చేదాకా ఆస్పత్రిలో ఆపరేషన్లు లేవు, క్యాంపు బండి కదలదు. వార్డు నా మీద.

రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి ఒక కవరు చేతిలో పెట్టింది. కర్నూలు కలెక్టరాఫీసు నుంచి వచ్చిన టైర్ల పర్మిటు. ఈ యుద్ధంలో రబ్బరు దొరికేది ఎక్కడ? నాలుగడిగితే రెండిచ్చినారు. "ఎలీషబా, టైర్లు నువ్వే చూసి ఎంచు. నేను వచ్చేసరికి బండి సిద్ధంగా ఉండాలి" అన్నది.

నువ్వే అన్నది. తొమ్మిదేండ్లుగా ఆ బండి నడుపుతున్న మాలకొండన్న పక్కనే నిలబడి ఉన్నాడు. నేను కాన్పులు చేసేదాన్ని. టైర్ల సంగతి నాకేం తెలుసు? ఆయనకు చెప్పకుండా నాకెందుకు చెప్పింది?

ఊరికే అయ్యుండదు.

ఏప్రిల్ 12

షెడ్డుకు పోయి బండి చుట్టూ తిరిగి చూసినాను. లారీ మీద కట్టించిన చెక్క ఇల్లు అది. లోపల రెండు బల్లలు, మందుల బీరువా, స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము. పల్లెల్లో పదేసి రోజులు డాక్టరమ్మా నేనూ అందులోనే పండుకుంటాము, మాలకొండన్న దాని కింద చాప పరచుకుంటాడు. ఇన్నేండ్లలో చక్రాల వైపు నేను ఒక్కసారి కూడా సరిగా చూడలేదు. ఈ పొద్దు చూస్తే నాలుగూ నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

వెనక తగిలించిన స్పేర్ టైరు అతుకులబొంత. క్రిస్మసుకు అక్కడ మంచిది ఉండేది. జనవరిలో పగిలిన టైరు షెడ్డు మూలన ఉండాల, అది కూడా లేదు.

ఆ పగిలిన టైరు సంగతి నాకు మరుపు రాదు. పంతొమ్మిదో తేదీన పొదిలి దారిలో ఎర్రగుంటపల్లె నుంచి రంగనాయకమ్మ అనే కాన్పు మనిషిని నేనూ మాలకొండన్నా ఆస్పత్రికి, డాక్టరమ్మ కాడికి తెస్తున్నాము. పొద్దున్నే ఎక్కించినాము. కొనకనమిట్ల దాటినాక టైరు పగిలింది. చక్రం మార్చడానికి ముక్కాల్ గంట పట్టింది. ఆమె బండిలోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా. టైరు పగలడం వల్ల ఆలస్యమైందని డాక్టరమ్మ రిజిస్టరులో రాసింది.

టైరే చంపింది. ఆ టైరును చూసుకోవలసింది ఎవరు?

ఏప్రిల్ 14

ఏదో మాటల్లో వచ్చినట్టు అడిగినాను.

"స్పేరు పాతది ఉందే అన్నా. మంచిది యాడ పోయింది?"

"ముందు ఎడమ చక్రానికి ఉంది గదా నర్సమ్మా. ఆ పొద్దు దోవలో మార్చింది దాన్నే. నువ్వు చూస్తానే ఉన్నావు."

"మరి పగిలింది?"

చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్ళీ తుడిచినాడు. "దాని సంగతి ఇప్పుడెందుకులేమ్మా" అని బయటికి పోయినాడు.

నేను ఆ పొద్దు చక్రం వైపు చూడలేదు. నా చేతుల్లో ఉన్నదాన్ని చూస్తున్నాను. ముందు ఎడమ చక్రం ఈ పొద్దు చూసినాను. దుమ్ము పట్టినాక అన్నీ ఒకటే తీరు.

ఏప్రిల్ 15

వంటామె రాములమ్మ చెప్పింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మాలకొండయ్య గుండ్రటిదేదో గోనెసంచిలో చుట్టుకొని నంద్యాల రైలెక్కినాడంట. "నేను స్టేషన్లో మా అక్కను దింపను పోయినా. నన్ను చూసి మొగం తిప్పుకున్నాడమ్మా" అన్నది.

నంద్యాలలో రబ్బరు కొనేవాళ్ళు ఉన్నారు.

ఏప్రిల్ 17. సోమవారం

కొండలరావు గారి బస్సుల షెడ్డుకు పోయినాను. ఆయనవి రెండు బస్సులు పొదిలికి తిరుగుతాయి. పెట్రోలు లేక రెంటికీ వెనక బొగ్గు గ్యాసు డబ్బాలు బిగించినారు. నాకు కుర్చీ వేయించినాడు, మజ్జిగ తెప్పించినాడు. మనిషి మర్యాదస్తుడు.

"రెండు టైర్లతో ఏం చేసుకుంటారమ్మా. ఆ పర్మిటు నాకియ్యండి, నాలుగూ నేనే ఇస్తా. మిలిటరీ వాళ్ళు వదిలిన సరుకు."

చూపించినాడు. నల్లగా, గీతలు లోతుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి.

లేచేటప్పుడు అన్నాడు: "మీ డ్రైవరు ఈ మధ్య మా షెడ్డుకు మూడుసార్లు వచ్చినాడు. ఏం అడిగినాడో నేను చెబితే బాగుండదు."

"చెప్పండి, నేనేమీ అనుకోను."

"వద్దులేమ్మా. అన్నేండ్లుగా చేస్తున్న మనిషి." నవ్వినాడు.

ఏప్రిల్ 18

మూడుసార్లు.

ఏప్రిల్ 19

డ్రైవరు పొద్దున్నే షెడ్డులో ఉన్నాడు. కదలని బండికి రోజూ ఏం పని? వార్డు కిటికీలోంచి చూసినాను. చక్రం కాడ కూర్చొని టైరు మీద వేలితో తడుముతున్నాడు, పసరం గిట్టలు చూసే మనిషి మాదిరి. నేను చూస్తున్నట్టు తెలిసి లేచినాడు.

డాక్టరమ్మకు రాయాల.

ఏప్రిల్ 20

రాసినాను. మంచి టైరు కనబడటం లేదనీ, పగిలింది కూడా మాయమైందనీ, నంద్యాల ప్రయాణం, బస్సుల షెడ్డు, అన్నీ. ఒక మాట ఎక్కువ రాసినానేమో. జనవరిలో జరిగినదానికి కూడా అతని అజాగ్రత్తే కారణమని నా అనుమానం అన్నాను. అనుమానం అనే రాసినాను. ఖాయంగా రాయలేదు.

పోస్టులో వేసినాక మనసు తేలికపడింది. పగలు బాగా నిద్ర పట్టింది.

ఏప్రిల్ 22

అతన్ని కొండలరావు గారి షెడ్డుకు తీసుకుపోయినాను. ఏమంటాడో చూద్దామని.

ఒక్కొక్క టైరునూ బొటనవేలితో నొక్కినాడు. వాసన చూసినాడు. లోపలికి చెయ్యి పెట్టబోతే కొండలరావు గారు "అది కట్టిపెట్టిన సరుకయ్యా, విప్పవద్దు" అన్నాడు. మాలకొండయ్య లేచి దుమ్ము దులుపుకున్నాడు.

దోవలో నాతో అన్నాడు: "ఇవి వద్దు నర్సమ్మా. రీసోలు చేసినవి. పాత టైరుకు పైన కొత్త రబ్బరు అతికించి నల్లరంగు పూసినారు. నంద్యాలకు పోయి పర్మిటు మీద రెండే తెద్దాం. కొత్తవి ముందు చక్రాలకు, ఉన్నవాటిలో మంచివి వెనక్కు. మెల్లంగా పోతా."

"నంద్యాలే ఎందుకు?"

"ఆడ తెలిసిన దుకాణం ఉంది."

"నువ్వొక్కడివే పోతావా?"

నా మొగం వంక చూసినాడు.

"మీ ఇష్టమండీ" అన్నాడు.

ఎప్పుడూ నువ్వు అనే మనిషి. మీరు అన్నాడు.

ఏప్రిల్ 24

ఎల్లుండి నేనే నంద్యాల పోతాను. అతనికి చెప్పను. ఆ తెలిసిన దుకాణం ఏందో, ఆ తెలిసినవాడు ఎవరో చూసి వస్తాను.

జనవరిలో పొద్దున్నే ఎక్కించినాము అని రాసినాను పైన. పదిన్నర అయ్యుంటుంది.

ఏప్రిల్ 26. బుధవారం

సాయంత్రం రైలుకు తిరిగొచ్చినాను. గిద్దలూరు రాకముందు అడవిలో రైలు చానాసేపు నిలబడింది. అక్కడ రాయాలని పెన్సిలు తీసినాను, రాయలేకపోయినాను. ఇప్పుడు రాస్తున్నాను.

టైర్ల దుకాణం నంద్యాల స్టేషన్ కాడనే ఉంది. అందులో చిన్నయ్య అని ముసలాయన. మార్కాపురం ఆస్పత్రి నుంచి వచ్చినానని చెప్పి పర్మిటు చూపించినాను.

"ఆ బండి మనిషి రాలేదా?" అన్నాడు.

"ఏ మనిషి?"

"పగిలిన టైరు రైల్లో మోసుకొచ్చినాయన."

దొరికినాడు అనుకున్నాను. నిజంగా సంతోషమే కలిగింది. అది కూడా రాసుకుంటున్నాను.

"ఎంతకు అమ్మినాడు?"

చిన్నయ్య కళ్ళద్దాలు తీసి నన్ను చూసినాడు. "ఎవరు కొంటారమ్మా దాన్ని? అడగడానికి తెచ్చినాడు."

"ఏం అడగడానికి?"

"ఇది పగలడం నా తప్పా కాదా, కోసి చూసి చెప్పు అన్నాడు. నా బండిలో ఒక ఆడమనిషి చచ్చిపోయింది, గాలి తక్కువ పెట్టినానేమో, మీ ఊరి పలకరాయి పెచ్చు ఏదన్నా గుచ్చుకొని ఉంటే చూసుకోలేదేమో అని. ఆ దొడ్లో కూర్చోబెట్టి కోసి చూపించినా. లోపల గుడ్డ కుళ్ళిపోయి ఉంది. బయటినుంచి ఎవరికీ తెలిసేది కాదు. అదే చెప్పినా. నమ్మలేదు. నా కోసం చెబుతాండావు అన్నాడు. మీ ఊళ్ళో బస్సుల షెడ్డుకు కూడా పోయి అడిగినాడంట, ఏ టైరు ఎట్ల పగులుతాదో చూపించమని."

అందుకు మూడుసార్లు.

"టైరు ఇంటికి తీసుకుపో అంటే, వద్దు పెద్దాయనా, షెడ్డులో అది కనబడితే నాకు అన్నం సయించదు అన్నాడు. అదో, ఆడ ఉంది."

దొడ్డి గోడకు ఆనించి ఉంది. కోసిన చోట లోపలి దారాలు చీకిన గోనె మాదిరి పొడి రాలుతున్నాయి. చిన్నయ్య నన్ను పక్కన నిలబెట్టి కొత్త టైరు ఒకటి తెచ్చి, రెండు చేతులతో వంచి, లోపలి గుడ్డ చూపించినాడు. "ఎప్పుడూ లోపల చూడాల తల్లీ. రీసోలుది అయితే అంచు కాడ అతుకు తగులుతాది, మసి వాసన వస్తాది. బయటి గీతలు ఎవరన్నా కోస్తారు." నా చెయ్యి పట్టి లోపల తడిమించినాడు. కొత్తదానికి ఎక్కడా ఎగుడుదిగుడు లేదు.

రెండూ ఎంచినాను. వచ్చే వారం రైల్లో పంపిస్తానన్నాడు.

లేచేటప్పుడు అడిగినాడు: "ఆ పొద్దు ఆయన పక్కన ఎవరన్నా ఉన్నారా అమ్మా? ఉంటే, తప్పు ఆయనది కాదని వాళ్ళన్నా ఒక మాట చెప్పకపోయినారా?"

రైలుకు టైమైంది అన్నాను.

ఏప్రిల్ 27

కొండలరావు షెడ్డుకు పోయి, ఆయన వద్దంటున్నా ఒక టైరు లోపల చెయ్యి పెట్టినాను. అంచు కాడ అతుకు తగిలింది. మజ్జిగ తాగకుండా వచ్చినాను. వచ్చి మా బండి ముందు ఎడమ చక్రం దుమ్ము తుడిచి చూస్తే గీతలు ఇంకా ఉన్నాయి, క్రిస్మసునాటి స్పేరు అదే.

ఏప్రిల్ 28

ఉత్తరం కొడైకెనాలు చేరి ఉంటుంది.

మే 1. సోమవారం

జవాబు వచ్చింది. పొట్టి ఉత్తరం. నువ్వు రాసింది చదివి బాధపడ్డాను, జనవరి సంగతి కూడా అతని నిర్లక్ష్యమే అయితే ఆ మనిషిని బండి మీద ఉంచలేము, ఈ నెలాఖరుకు పంపించివేయి, నేను వచ్చేలోపు వేరే డ్రైవరును చూడు.

నా మాట నమ్మింది. పదేండ్లుగా నన్ను నమ్ముతూనే ఉంది.

మే 2

టైర్ల సంగతిలో పొరబడినానని రాస్తే చాలు. జనవరి సంగతి ఎత్తనక్కరలేదు.

మే 3

ఎత్తకుండా రాసి చూసినాను. నాలుగు వాక్యాలు కూడా నిలబడలేదు. అతను టైర్లు అమ్ముకోలేదు అంటే, మరి రంగనాయకమ్మ? అని డాక్టరమ్మ అడుగుతుంది. నేనే అతన్ని ఆ టైరుకు కట్టినాను.

ఇంకొకటి కూడా సరిగా రాసుకోవాల. స్టేషన్లో డాక్టరమ్మ "నువ్వే" అనలేదు. "మీరిద్దరూ కలిసి చూసి ఎంచండి" అన్నది. కవరు నా చేతికి ఇచ్చింది, అంతే. ఆ పొద్దు ఇంటికొచ్చి నాకు కావలసినట్టు రాసుకున్నాను.

మే 4

పదిన్నర కాదు. రెండు గంటలకు ఎక్కించినాము.

బిడ్డ అడ్డం తిరిగింది. చెయ్యి ముందు బయటికి వచ్చింది. పొద్దున ఎనిమిదికి మాలకొండన్న గుడిసె బయట నిలబడి "నర్సమ్మా, ఇది మన చేతిలో ఉండేది కాదు, డాక్టరమ్మ కాడికి పోదాం" అన్నాడు. నేను వినలేదు. ముందటేడు పామూరులో అట్లాంటి బిడ్డనే తిప్పినాను, డాక్టరమ్మ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నది. ఇది కూడా తిప్పగలననుకున్నాను. ఆరు గంటలు. రెండింటికి ఆమె పెదవులు తెల్లబడినాయి, అప్పుడు ఎక్కించమన్నాను. లోపల గర్భసంచి చినిగిందని నాకు తెలుసు. టైరు పగిలినప్పుడు నేను ఏమనుకున్నానో కూడా రాస్తాను. దేవుడు నాకొక సాకు ఇచ్చినాడనుకున్నాను.

మే 6. శనివారం

చెప్పినాను.

షెడ్డులో జాకీకి నూనె పెడుతున్నాడు. నేను పోయి నిలబడితే తల ఎత్తలేదు.

"అన్నా, జనవరిలో నువ్వు ఎనిమిదింటికే పోదామన్నావు, గుర్తుందా?"

"ఉంది."

"అప్పుడే ఎక్కించి ఉంటే టైరు పగిలినా ఆమె బతికేది. నేను రెండు దాకా ఆపినాను. బండెక్కేటప్పటికే ఆమె పని అయిపోయింది. ఆ ముక్కాల్ గంట లేకపోయినా మార్కాపురం చేరేది కాదు."

నూనె డబ్బా కింద పెట్టినాడు.

"ఆ పొద్దే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఈ నాలుగు నెలలూ తెలుసు."

"తెలుసు అన్నా."

ఉత్తరం సంగతి కూడా చెప్పినాను. డాక్టరమ్మ జవాబు చదివి వినిపించినాను. ఆయన మొత్తం విన్నాడు.

"ఒకటి చెప్పు. నేను టైర్లు అమ్ముకున్నానని నిజంగా అనుకున్నావా? అమ్ముకొని ఉంటే బాగుండునని అనుకున్నావా?"

"రెండోదేమో" అన్నాను.

ఆయన పంచె కొంగుతో మొగం తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడని ముందు తెలియలేదు. "సంక్రాంతి పోయినకాడ నుంచి మా ఇంట్లో ఎవరి బిడ్డను ఎత్తుకోవాలన్నా నాకు చేతులు రావడం లేదు నర్సమ్మా" అన్నాడు. షెడ్డు తాళంచెవి నా పక్కన బల్ల మీద పెట్టి పోయినాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మకు రాసినాను. ఎనిమిది పేజీలు. ఏమీ వదల్లేదు.

మే 7

ఆదివారం. గుడికి పోలేదు.

మే 9

మాలకొండన్న రాలేదు. ఊరికి, పామూరు వైపు పోయినాడంట.

మే 12

టైర్లు స్టేషనుకు వచ్చినాయి. ఎడ్లబండిలో తెప్పించి షెడ్డులో పెట్టించినాను. రెంటి లోపలా చెయ్యి పెట్టి చూసినాను. బాగున్నాయి. బిగించేవాళ్ళు లేరు. తాళం వేసి తాళంచెవి వార్డు మేకుకు తగిలించినాను.

మే 17

పొద్దున మేకుకు తాళంచెవి లేదు, షెడ్డులో చప్పుడు వినిపించింది. పోయి చూస్తే మాలకొండన్న. ముందు చక్రాలు రెండూ విప్పి కొత్త టైర్లు ఎక్కిస్తున్నాడు. నేను ఇనపకడ్డీ అందించబోతే తానే వంగి తీసుకున్నాడు.

"మీకోసం రాలేదు. జూన్లో బండి కదలాల గదా" అన్నాడు.

జూన్ 7. బుధవారం

డాక్టరమ్మ వచ్చింది. కూర్చోమనలేదు. రిజిస్టరు తీసి జనవరి పేజీ నా ముందు పెట్టింది. "నీ చేత్తో సరిదిద్దు" అన్నది. టైరు అనే మాట కొట్టేసి జరిగింది రాసినాను, ఎన్ని గంటలకు ఏది జరిగిందో కూడా. కింద సంతకం చేసినాను.

ఇక మీద ఒంటరిగా కాన్పు చేయకూడదు. వేరే నర్సు లేదు కాబట్టి క్యాంపుకు మాత్రం రావాల. మాలకొండన్నను పిలిచి ఆమె చేతులు జోడించింది. దొరసాని ఒక డ్రైవరుకు చేతులు జోడించడం నేను చూడలేదు ఎప్పుడూ. ఆయన తట్టుకోలేక బయటికి పోయినాడు.

"రంగనాయకమ్మ వాళ్ళకు?" అని అడిగినాను.

"అది నేను చెప్పమని చెప్పను" అన్నది.

జూన్ 21. బుధవారం. పొదిలి దారి

క్యాంపు మొదలై మూడో రోజు. కొత్త టైర్లు ముందున్నాయి, బండి మెల్లంగా పోతుంది. మాలకొండన్న నాతో అవసరమైనంత మాట్లాడతాడు.

ఎర్రగుంటపల్లె మలుపు కాడ నేను చెప్పకముందే ఆపినాడు. ఇంజను ఆర్పినాడు. డాక్టరమ్మ పుస్తకంలోంచి తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నది. నేను దిగినాను.

రంగనాయకమ్మ తల్లి కోటమ్మ గొర్రెల దొడ్డి కాడ మేక పాలు పిండుతుంది. నన్ను గుర్తుపట్టి, "రా తల్లీ. టైరు పగిలితే నువ్వేం చేస్తావు, దాని రాత అట్లుంది" అన్నది. ఎన్నిసార్లు అనుకొని ఉంటుందో, ఆ మాట అరిగిపోయి ఉంది.

నిలబడే చెప్పినాను. ఎనిమిది గంటలు, రెండు గంటలు, అన్నీ. బండిలో చోటు లేదని ఆమెను ఎక్కించుకోనిది కూడా నేనే అని చెప్పినాను. చోటు ఉన్నది. నా చేతిలో పోతున్న మనిషిని కన్నతల్లి చూడకూడదనే దింపినాను.

కోటమ్మ పిండడం ఆపింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. మేక కాళ్ళు కదిలిస్తే దాని వీపు మీద చెయ్యి వేసింది.

"బండిలో నన్ను అడిగిందా?"

"అడిగింది. మా అమ్మ ఏదీ అన్నది."

"ఏం చెప్పినావు?"

"వెనక నడిచి వస్తాంది అని చెప్పినాను."

నోటికొచ్చిన అబద్ధం అది. అది కూడా అబద్ధమేనని చెప్పబోయినాను.

"అవును, నడిచినా" అన్నది కోటమ్మ. "మీ దుమ్ము కనబడినంత దూరం వెంబడే వచ్చినా. కొనకనమిట్ల దాకా వచ్చినా. ఆడ బస్సోళ్ళు చెప్పినారు."

మళ్ళీ మేక కాడ కూర్చొని పిండడం మొదలుపెట్టింది. పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. చెంబు నిండేదాకా నేను అక్కడే నిలబడినాను.